బ్యూనస్ ఎయిర్స్‌లో అయిదు రోజులు

మా అమ్మాయీ అల్లుడూ బ్రెజిల్ దేశంలో సావోపాలో నగరంలో ఉంటున్న రోజుల్లో, 2019 చివర, మేమిద్దరం వాళ్ళ దగ్గరికి వెళ్ళి రెండు నెలలు ఉన్నాము. "ఇంత దూరం వచ్చి పక్క దేశం చూడకుండా వెళ్తారా, అత్తయ్యగారూ?" అంటూ అల్లుడు అర్జెంటీనా రాజధాని బ్యూనస్ ఎయిర్స్‌కు మా ఇద్దరికీ టిక్కెట్లు కొనేశాడు. పక్క దేశమంటే మూడు గంటల విమాన ప్రయాణం! అక్కడి భాష రాదు, తినడానికేం దొరుకుతుందో తెలియదు, పైగా నాకు మోకాళ్ళ నొప్పులు. నేనింకా వెనకా ముందూ ఆడుతూండగానే మావారు ఒక చిన్న నోటుబుక్కు కొని, రోజుకొక పేజీ కేటాయించి, చూడవలసినవాటికి వరసగా నంబర్లు వేసేశారు. ముప్ఫై ఆరేళ్ళు బ్యాంకులో పనిచేసిన మనిషి. ఏదైనా పద్దు ప్రకారం నడవవలసిందే.

నవంబరులో ఒక మంగళవారం బయలుదేరాము. విమానం కిందికి దిగుతూంటే కిటికీలోంచి గోధుమరంగు నీళ్ళు కనిపించాయి. రాజమండ్రిలో పుట్టి పెరిగినదాన్ని, ఆ రంగు నాకు కొత్త కాదు. వరదొచ్చినప్పుడు మన గోదావరి అచ్చం అలాగే ఉంటుంది. కాని ఎంతసేపు చూసినా అవతలి ఒడ్డు కనపడదు. ఆ నది పేరు రియో దె లా ప్లాతా, అంటే వెండి నది. ఈ ఊరి దగ్గరే దాని వెడల్పు సుమారు యాభై కిలోమీటర్లు. అవతలి ఒడ్డున ఉన్నది ఉరుగ్వే దేశం. సముద్రంలో కలిసేచోట రెండు వందల కిలోమీటర్లు దాటుతుంది. "ఇది నది ఏమిటండీ, మరీ చోద్యం కాకపోతే!" అన్నాను. "పుస్తకంలో నది అనే ఉంది" అన్నారు మావారు.

మనకు చలికాలం మొదలయ్యే నవంబరులో వాళ్ళకు వసంతం. వీధుల పొడుగునా జకరండా చెట్లు ఆకు కనపడకుండా పూసి ఉన్నాయి. ఊదారంగు పూలు. కాలిబాట నిండా అవే రాలి ఉంటే, తొక్కడానికి మనసొప్పక నేను పక్కపక్కనుంచి నడుస్తూంటే, మావారు విసుక్కోవడం.

తిండి సంగతి చెప్పవద్దూ? ఆ దేశం గొడ్డుమాంసానికి పెట్టింది పేరు. రాత్రి భోజనం తొమ్మిదింటికి ముందు ఎవరూ తినరు. ఏడింటికి హోటలుకు వెళ్తే కుర్చీలు బల్లల మీద తిరగేసి ఉన్నాయి. ఆకలితో తిరిగి తిరిగి చివరికి కొర్రియెంతెస్ అనే వీధిలో ఒక పిజ్జా కొట్టు ముందు నిలబడ్డాము. అక్కడ జనం నిలబడే తింటున్నారు. ఒక్కొక్కరు పిజ్జా ముక్క మీద పసుప్పచ్చని రొట్టె ముక్క ఒకటి పెట్టుకొని, రెండూ కలిపి కొరుకుతున్నారు. దూరం నుంచే నాకు వాసన తెలిసిపోయింది. శనగపిండి! దాన్ని ఫైనా అంటారు. శనగపిండి, నీళ్ళు, ఉప్పు, నూనె కలిపి పొయ్యిలో కాల్చడమే. ఇటలీలోని జెనోవా నుంచి ఓడలెక్కి వచ్చిన వలసజనం తెచ్చిన వంట అట. భూగోళానికి అవతలి వైపున శనగపిండి అట్టు దొరుకుతుందని ఎవరనుకొంటారు? మిగిలిన రోజులన్నీ నా ప్రాణం దానిమీదే నిలిచింది. పాలూ పంచదారా గంటల తరబడి కాచి చేసే దుల్సే దె లెచే అనే తీపి కూడా మా ఇద్దరికీ నచ్చింది. మన కోవా ఇంకా గట్టిపడకముందు చెంచాతో నాకేస్తే ఎలా ఉంటుందో అలా ఉంటుంది.

నచ్చనిది మాతే. ఎండిన ఆకుపొడి చిన్న సొరకాయ బుర్రలో వేసి, వేడినీళ్ళు పోసి, లోహపు గొట్టంతో పీలుస్తారు. పీల్చి, మళ్ళీ నీళ్ళు పోసి, అదే బుర్ర, అదే గొట్టం పక్కవాడికిస్తారు. వాడు ఆ పక్కవాడికి. పార్కుల్లో, బస్సుస్టాండుల్లో, ఆఫీసు మెట్ల మీద ఎక్కడ చూసినా ఇదే. మావారికి ఎంగిలి అంటే ఎంత పట్టింపో మా బంధువులందరికీ తెలుసు. పెళ్ళయిన కొత్తలో నేను తాగిన గ్లాసు కడిగి గాని ముట్టుకొనేవారు కాదు. ఆ గొట్టం చేతులు మారడం చూసి ఆయన ముఖం తిప్పేసుకొన్నారు.

బుధవారం నంబర్లన్నీ చకచకా తెగాయి. నూట నలభై మీటర్ల వెడల్పు గల జూలై 9 వీధి దాటడానికి నా నడకకు మూడు సిగ్నళ్ళు పట్టాయి. 1816లో స్పెయిన్ నుంచి స్వాతంత్ర్యం ప్రకటించుకొన్న రోజు పేరు దానికి పెట్టారు. నడుమ 1936లో కట్టిన ఒబెలిస్కు స్తంభం, ఎత్తు అరవై ఏడున్నర మీటర్లు. దానికి దగ్గరలోనే కొలోన్ నాటకశాల. దీనికి 1890లో శంకుస్థాపన చేశారు. మొదటి శిల్పి పని పూర్తికాకముందే పోయాడు. రెండోవాడు 1904లో హత్యకు గురయ్యాడు. మూడోవాడు పూర్తిచేస్తే 1908లో తెరిచారు. మన దగ్గరైతే వాస్తు చూపించి గుమ్మం మార్పించేవాళ్ళు. లోపల ఎర్ర మఖమలు, బంగారు పూత, ఆరేడు అంతస్తుల గదులు. బాగుంది.

మధ్యాహ్నం రెకొలేతా శ్మశానం. శ్మశానం చూడటానికి జనం బారులు తీరతారంటే నమ్ముతారా? సమాధులు కావవి, చిన్న చిన్న పాలరాతి మేడలు. అందరూ వెతికేది ఎవా పెరోన్ సమాధి. అధ్యక్షుడి భార్యగా బీదల పక్షాన నిలిచిందని జనం ఆమెను నెత్తిన పెట్టుకొన్నారు. 1952లో ముప్ఫై మూడేళ్ళకే పోయింది. శవాన్ని చెడకుండా మందులు పెట్టి ఉంచారు. 1955లో సైన్యం భర్తను దించేసి, ఆ శవాన్ని మాయం చేసింది. ఇటలీలోని మిలాన్‌లో వేరే పేరుతో పాతిపెట్టారు. 1971లో పైకి తీసి స్పెయిన్‌లో ఉన్న భర్తకిచ్చారు. 1974లో స్వదేశం వచ్చింది, 1976లో ఈ నల్లరాతి గదిలోకి చేరింది. చచ్చిపోయాక ఇరవయ్యేళ్ళ ప్రయాణం. నేను నోరు తెరుచుకొని వింటూంటే మావారు నోటుబుక్కులో టిక్కు పెట్టుకొన్నారు.

గురువారం పేజీలో మూడో నంబరు ప్లాసా దె మాయో. ఊరికి నడిబొడ్డున ఉన్న చౌకు అది. ఒక వైపు గులాబీరంగు అధ్యక్ష భవనం, ఒక వైపు పెద్ద చర్చి, మధ్యలో 1811లో కట్టిన చిన్న తెల్లని స్తంభం. స్తంభం చుట్టూ నేలమీద తెల్లని తలగుడ్డల బొమ్మలు వేసి ఉన్నాయి. మూడున్నర కావస్తూంటే జనం చేరసాగారు. తలకు తెల్లగుడ్డ కట్టుకొన్న ముసలమ్మలు కొందరు వచ్చారు. ఒకామె చక్రాల కుర్చీలో, ఒకామె మనమరాలి చెయ్యి పట్టుకొని. మెడలో ఫోటోలు వేలాడుతున్నాయి. ఫోటోల్లో అందరూ ఇరవై, పాతికేళ్ళ పిల్లలు. అందరూ కలిసి స్తంభం చుట్టూ మెల్లిగా నడవడం మొదలుపెట్టారు.

పక్కనున్న కాలేజీ పిల్ల ఇంగ్లీషులో చెప్పింది. 1976 నుంచి 1983 దాకా ఆ దేశాన్ని సైన్యం పాలించింది. గిట్టని పడుచువాళ్ళను రాత్రివేళ ఇళ్ళలోంచి ఎత్తుకుపోయారు. మానవ హక్కుల సంఘాల లెక్కలో ముప్ఫై వేలమంది. అడిగితే "మాకు తెలియదు" అనేవారు. కొందరిని విమానాల్లో తీసుకెళ్ళి, ప్రాణాలతోనే, నేను పైనుంచి చూసిన ఆ గోధుమరంగు నదిలోకీ సముద్రంలోకీ తోసేశారు. 1977 ఏప్రిల్ 30న పధ్నాలుగు మంది తల్లులు ఈ చౌకులో కలుసుకొన్నారు. గుంపుగా నిలబడకూడదు, కదలండి అని పోలీసులు గదమాయిస్తే, ఇద్దరిద్దరుగా చేతులు పట్టుకొని స్తంభం చుట్టూ కదలడం మొదలుపెట్టారు. ఆ నడకే ఇది, గురువారం గురువారం. ఒకరినొకరు గుర్తుపట్టడానికి మొదట్లో కట్టుకొన్నవి చంటిపిల్లలకు వాడే గుడ్డలట. వాళ్ళను కూడగట్టిన అసుసేనా వియ్యాఫ్లోర్‌ను ఆ డిసెంబరులోనే ఎత్తుకుపోయారు. ఆమె ఎముకలు ఎవరివో 2005లో గాని తేలలేదు. అప్పుడు ఆ బూడిదను ఈ స్తంభం మొదట్లోనే పాతారు.

వాళ్ళలో వాళ్ళకు 1986లో చీలిక కూడా వచ్చింది. ఒక వర్గం పరిహారం వద్దంది, ఎముకలు తవ్వి తీయడమూ వద్దంది. అది వింటూనే నాకు మా అత్తగారు గుర్తొచ్చింది.

మావారికి ఒక తమ్ముడుండేవాడు. నేను కాపురానికి రాకముందే, 1975లో, పరీక్ష తప్పాడని మామగారు నాలుగు మాటలన్నారట. తెల్లవారేసరికి సైకిలు వాకిట్లోనే ఉంది, మనిషి లేడు. పందొమ్మిదేళ్ళు. "అమ్మ మంచం పట్టినది, వెంటనే రావలెను" అని ఫోటో పెట్టి పేపర్లో వేయించారు. రాలేదు. పన్నెండేళ్ళు నిండాక పురోహితుడు కర్మ చేయించవచ్చునన్నాడు. "బతికున్నవాడికి పిండం పెడతారా?" అని అత్తగారు ఆయన్ను గుమ్మం దింపేసింది. 1988లో మేము దానవాయిపేటలో ఇల్లు కట్టుకొంటే ఆవిడ రానంది. ఇన్నీసుపేటలో ఆ అద్దె ఇంట్లోనే ఉంటానంది. "వాడు వస్తే ఏ ఇంటికి వెళ్తాడు?" చివరికి ఇంటివాళ్ళు పడగొట్టి కట్టుకొంటామనేసరికి తప్పింది కాదు. వీధి చివర కిళ్ళీకొట్టులో మా కొత్త అడ్రసు కాగితం మీద రాయించి ఇచ్చి వచ్చింది. కొట్టు చేతులు మారినప్పుడల్లా మళ్ళీ రిక్షా కట్టించుకొని వెళ్ళి ఇచ్చి వచ్చేది. 2003లో పోయింది. నలభై ఏళ్ళ కాపురంలో మావారు తమ్ముడి ఊసు నా దగ్గర ఎత్తింది రెండు మూడు సార్లు కూడా ఉండదు.

అక్కడి తల్లులనూ మా అత్తగారినీ ఒకే తక్కెట్లో వెయ్యడం నా ఉద్దేశం కాదు. వాళ్ళ పిల్లల్ని ప్రభుత్వం చంపింది. మా మరిది తనంతట తాను వెళ్ళాడు. ఆ సంగతి నాకు తెలుసు. కాని తిరిగి చూసేసరికి మావారు నా పక్కన లేరు. ఆ గుంపు చివర, చేతులు వెనక్కి కట్టుకొని, తల వంచుకొని నడుస్తున్నారు. ఒక చుట్టు, రెండు చుట్లు. నేను బెంచీమీద కూర్చుండిపోయాను. నడక అయ్యాక తల్లులు పేర్లు చదివారు. ఒక్కొక్క పేరుకూ జనమంతా "ప్రెసెంతె" అని పలికారు, మన బళ్ళో హాజరు పలికినట్టు. మావారి పెదవులు కదలడం చూశాను. ఏమన్నారో నేనడగలేదు, ఆయన చెప్పలేదు.

వచ్చి బెంచీమీద కూలబడ్డారు. పక్కన కూర్చొన్న ఒక నడివయసావిడ ఆయన ముఖం చూసి, తన మాతే బుర్ర నింపి చేతికిచ్చింది. అదే గొట్టం. నేను ఊపిరి బిగబట్టాను. ఆయన గుటగుటా పీల్చేసి, వచ్చిన ఒక్క స్పానిష్ ముక్కా ఉపయోగించి "గ్రాసియాస్" అన్నారు. ఆవిడ బుర్ర తీసుకొని ఇంక ఇవ్వలేదు. కృతజ్ఞతలు చెబితే ఇక చాలునని అర్థమట అక్కడ. తరవాత తెలిసింది.

ఆ రోజు మిగతా నంబర్లు చూడలేదు. శుక్రవారం లా బోకాకు వెళ్ళాము. ఓడలకు వేయగా మిగిలిన రంగులు ఇళ్ళ రేకులకు పూసుకొన్న పేట. ఇప్పుడు అమ్మకాల సందడే ఎక్కువ. సాయంత్రం ఒక పుస్తకాల షాపు చూశాము. 1919లో కట్టిన నాటకశాలలో పెట్టారు. వేదిక మీద కాఫీ తాగవచ్చు.

శనివారం రైలెక్కి సాన్ ఇసిద్రోకు వెళ్ళాము. ఇంగ్లీషువాళ్ళు వేసిన దారులు గనుక అక్కడా రైళ్ళు మనలాగే ఎడమ పక్కనే నడుస్తాయి. 1924 నవంబరులో రవీంద్రనాథ టాగూరు పెరూ దేశానికి పోతూ జ్వరంతో ఈ ఊళ్ళో దిగిపోతే, విక్టోరియా ఒకాంపో అనే రచయిత్రి ఆయనకు సాన్ ఇసిద్రోలో నది కనబడే ఇల్లొకటి కుదిర్చి రెండు నెలలు కనిపెట్టుకొన్నది. ఆయనకు నచ్చిన పడక కుర్చీని తిరుగు ప్రయాణంలో ఓడ ఎక్కించింది. గది తలుపులో పట్టకపోతే తలుపే ఊడదీయించిందట! ఆమె సొంత భవనం ఇప్పుడు యునెస్కోవారి చేతిలో ఉంది. పెద్ద తోట.

తోట చూసి నది ఒడ్డుకు వెళ్ళి కూర్చొన్నాము. చాలాసేపు నీళ్ళవైపే చూసి, మావారు ఉన్నట్టుండి అన్నారు.

"అమ్మ పోయాక ఆ కొట్టుకు ఎవరూ వెళ్ళలేదు కదూ?"

"లేదండీ."

"పదహారేళ్ళు" అన్నారు.

జనవరిలో రాజమండ్రి చేరిన మూడో రోజునే ఇద్దరం ఇన్నీసుపేట వెళ్ళాము. కిళ్ళీకొట్టు ఉన్నచోట ఇప్పుడు సెల్‌ఫోన్లు బాగుచేసే కొట్టుంది. లోపల పాతికేళ్ళ కుర్రాడు కూర్చొని ఉన్నాడు. మావారు నోటుబుక్కులోంచి ఒక పేజీ చింపి, తమ్ముడి పేరూ మా అడ్రసూ పెద్ద అక్షరాలతో రాసి ఇచ్చి, సంగతి చెప్పారు. కుర్రాడు రెండుసార్లు చదువుకొన్నాడు.

"ఫోన్ నంబరు కూడా వెయ్యండి, బాబాయిగారూ" అన్నాడు.