రెండు త్రోవల ఆట

సూరతు నగరమునందలి లింబాయతులో ఆదివారము సాయంకాలము సైతము మరమగ్గముల చప్పుడు పూర్తిగా ఆగదు. కొంత తగ్గును, అంతే. ఆ తగ్గిన వేళ నలుగురు మిత్రులు రైలుదారుల ఆట పరచుకొందురు. ఇద్దరు సిరిసిల్ల నుండి వలస వచ్చిన పద్మశాలీల బిడ్డలు, ఒకడు ఖాందేశువాడు, మరియొకడు సూరతువాడే. ఆట పేరు ‘టికెట్ టు రైడ్’. ఆలన్ మూన్ కల్పించిన యీ ఆట 2004లో వెలువడినది. వీరి ముందున్న భారతదేశపటము 2011లో వచ్చినది గాని, అది చూపునది 1911 నాటి దేశమును.

ఒక్కొక్కరికి 45 రైలుపెట్టెలు. రంగుచీట్లు కూడబెట్టి ఊరికిని ఊరికిని నడుమ పెట్టెలు పేర్చినవానిదే ఆ దారి. గమ్యపు చీట్లు ఎవరివి వారికే తెలియును. నెరవేరిన చీటి విలువ కలియును, నెరవేరనిది తీసివేతకు వచ్చును. ఈ పటమునకు మరియొక నియమము కలదు: చీటిలోని రెండు ఊళ్లను రెండు వేర్వేరు త్రోవల కలిపినవానికి అదనపు లాభము.

ఆనాడు సిరిసిల్ల కుర్రవానికి రెండవ త్రోవలో ఒక్క ఖాళీ మిగిలినది. ఖాందేశువాడు తనకు అక్కరలేకున్నను అచట పెట్టెలు పెట్టెను. నియమము ప్రకారము తప్పులేదు. అయినను స్నేహితుడు మన మనస్సును చదివి అడ్డుపడినపుడు కలుగు కోపము, అపరిచితుడు గెలిచినపుడు కలుగదు. కుర్రవాడు చీట్లు విసరివేసెను.

మంచముపై కూర్చున్న తండ్రి అడిగెను: "ఒక తొవ్వ ఉండె గద బిడ్డా, రెండోది ఎందుకు?"

"పోయేటిది ఒకటి, వచ్చేటిది ఒకటి ఉండాలె నాయినా."

ఆయనకు రెండును తెలియును. బొంబాయి, షోలాపురము, సికిందరాబాదుల మీదుగా ఒకటి; తపతీలోయ వెంట భుసావలు చేరి, వార్ధా, బల్లార్షా, ఖాజీపేటల మీదుగా వేరొకటి. సూరతు బొంబాయిల నడుమ రైలు 1864లో కలిసినది. తపతీలోయ దారి 1900లో పూర్తియైనది. ఖాజీపేట బల్లార్షాల నడుమ దారి 1929లో గాని పూర్తికాలేదు. అనగా పటము చూపు 1911లో ఆ రెండవ త్రోవ లేనేలేదు. ఆయన వచ్చునాటికి రెండును ఉన్నవి. అప్పు తీర్చుటకు ఒక్క యేడు పనిచేసి మరలుదునని వచ్చినవాడు. దారి లేక నిలిచిపోలేదు. ప్రతి యేడును చేతిలో మిగిలినది టికెట్టుకు చాలెను, ఊరిలో బ్రతుకుటకు చాలలేదు.

"పూర్తిగాని చీటి ఏమైతది?"

"తీసేస్తరు నాయినా."

ఆ మాటలు అర్థము కాకున్నను, ముసలివాని ముఖము చూచి ఖాందేశువాడు తన పెట్టెలు తీయబోయెను. కుర్రవాడు వలదని అతని చేయి పట్టుకొని, విసరిన చీట్లు తానే ఏరుకొనెను. చివరి వంతులు సాగుచుండగా తండ్రి పటముపైకి వంగి సిరిసిల్లకై వెదకెను. అది అందులో లేదు. కళ్లద్దములు సరిచేసికొని, లెక్క వ్రాయుటకు కాగితము అందుకొనెను.