నానో సిమ్

మా హాస్టల్‌లో నాకు 'రివ్యూ అన్న' అని పేరు. ఎవడు ఫోన్ కొనాలన్నా ముందు నా మంచం దగ్గరికొస్తాడు. ప్రాసెసర్ ఏది, డిస్‌ప్లే ఎట్లుంది, ఛార్జర్ డబ్బాలో ఇస్తరా ఇయ్యరా, అన్నీ అడుగుతారు. నేను కూడా జీవితంలో పది ఫోన్లు వాడినోడిలెక్క చెప్తుంటాను. నిజానికి నేను వాడినవి రెండే.

2025 సెప్టెంబర్‌లో ఐఫోన్ ఎయిర్ వచ్చినప్పుడు రూమ్‌లో పెద్ద పంచాయితీ అయింది. మందం 5.6 మిల్లీమీటర్లేనట. "చూడు మామా, పేపర్ లెక్కుంది" అని మావోడు మురిసిపోతున్నాడు. నేను ఒక్కటే అడిగిన: "కరెంట్ రెండు రోజులు పోతే ఎంతసేపు ఉంటది?"

అందరూ నవ్వారు. "హైదరాబాద్‌ల రెండు రోజులు కరెంట్ ఎందుకు పోతదిరా?" అన్నారు.

హైదరాబాద్‌లో పోదు. మాది మరిపెడ మండలంలో ఆకేరు వాగుకు దగ్గర్లోని ఊరు. అక్కడ పోయింది.

2024లో రాఖీకి ఇంటికి పోయినప్పుడు నాయిన చేతిలో ఎప్పటిదో కీప్యాడ్ ఫోన్ ఉంది. మూడో నంబర్ బటన్ అరిగిపోయి కనిపించదు. వెనక మూత ఊడకుండా రబ్బరు బ్యాండు. నాకు నామోషీ అనిపించింది. కొడుకు ఇంజనీరింగ్ చదువుతుంటే తండ్రి రబ్బరు బ్యాండు ఫోన్ పట్టుకొని తిరుగుడేంది? అప్పటికే నేను కొత్త ఫోన్ కొనుక్కున్నాను, పాతది బ్యాగులో ఖాళీగా ఉంది. అది నాయినకు ఇచ్చేద్దామని కూర్చున్నాను.

ఇక్కడ ఒక చిన్న టెక్నికల్ సంగతి. ఇప్పుడొచ్చే సిమ్ కార్డులో మూడు సైజులు ఒకదాంట్లో ఒకటి ఉంటాయి. పాత ఫోన్లకు పెద్దది, మధ్యలో మైక్రో, అన్నిటికంటే లోపల నానో. బంగారు రంగు చిప్ మూడింటికీ అదే, మారేది చుట్టూ ఉన్న ప్లాస్టిక్ మాత్రమే. నేను నానో ముక్కను టక్కున విరిచి కొత్త ఫోన్‌లో పెట్టి, మిగిలిన ప్లాస్టిక్ ఫ్రేమ్‌ను చెత్తలో పడేశాను. రివ్యూ అన్నను కదా, అది మళ్ళీ పనికొస్తుందన్న ఆలోచనే రాలేదు.

"గా పాతది మంచిగనే ఉండె గదరా" అన్నాడు నాయిన.

"గిప్పుడు గవి ఎవరు వాడుతున్నరే" అన్నాను.

పది రోజులకు, ఆగస్టు 31 శనివారం, వాన మొదలైంది. రాత్రి తొమ్మిదింటికి ఫోన్ చేస్తే నాయిన ఎత్తాడు. "వాన మస్తు కొడుతుంది బిడ్డా, కరెంట్ పోయింది, ఫోన్‌ల ఛార్జింగ్ తక్కువుంది, పెట్టేస్తున్న" అన్నాడు. నా పాత ఫోన్ బ్యాటరీ సంగతి నాకు బాగా తెలుసు. పొద్దున నూరు శాతం ఉంటే సాయంత్రానికి పది శాతానికి వస్తుంది. ఇచ్చేటప్పుడు మాత్రం ఆ ముచ్చట చెప్పలేదు.

సెప్టెంబర్ 1 ఆదివారం పొద్దున లేచి చేస్తే స్విచ్ ఆఫ్. పదికి చేసినా, పన్నెండుకు చేసినా స్విచ్ ఆఫ్. అమ్మకు వేరే ఫోన్ లేదు. పక్కింటోళ్ళ నంబర్ నా దగ్గర లేదు. రెండు వేల మంది ఫాలోవర్ల పేర్లున్నయి గానీ మా వాడకట్టులో ఒక్క ఇంటి నంబర్ లేదు.

ఆ రోజు నా ఫీడ్ ఎట్లుందో ఇప్పటికీ గుర్తే. నాని 'సరిపోదా శనివారం' వచ్చి నాలుగు రోజులైంది, కలెక్షన్ల పోస్టర్లు. సాయంత్రం బిగ్‌బాస్ ఎనిమిదో సీజన్ మొదలు, ఎవరెవరు లోపలికి పోతారని లిస్టులు. తెల్లారితే 'గబ్బర్ సింగ్' రీరిలీజ్, టికెట్ల గొడవ. సెప్టెంబర్ 9న రాబోయే ఐఫోన్ 16 గురించి లీకులు. వాటి మధ్యలో మా ఆకేరు.

ఒక వీడియోలో పురుషోత్తమాయగూడెం దగ్గర బ్రిడ్జి మీద నుంచి వాగు పోతోంది. తర్వాతిది రీల్, పాట. ఆ తర్వాత కేసముద్రం దగ్గర పట్టాల కింది కంకర కొట్టుకపోయి పట్టాలు గాలిలో వేలాడుతున్న ఫోటో. తర్వాత ఫోన్ అన్‌బాక్సింగ్. ఖమ్మంలో మున్నేరు మీద ప్రకాశ్‌నగర్ బ్రిడ్జిపై జనం చిక్కుకపోయిన వీడియో. తర్వాత బిగ్‌బాస్ ప్రోమో. బొటనవేలితో ఒక్కసారి పైకి తోస్తే చావు, ఇంకోసారి తోస్తే డాన్స్.

అందులో ఏది నిజమో కూడా తెలియదు. 'మరిపెడలో పరిస్థితి' అని ఒక వీడియో మా స్కూల్ గ్రూపులో వచ్చింది. ఇళ్ళు పేకముక్కల్లెక్క కూలుతున్నాయి. గుండె ఆగినంత పనైంది. ఐదోసారి చూస్తే తెలిసింది, అందులోని దుకాణం బోర్డు తెలుగు కాదు. ఎక్కడిదో, ఎప్పటిదో పాత వీడియో. సీతారాం తండా మునిగిందన్న వార్త మాత్రం నిజమే. ఉప్పల్ దాకా పోయిన. మా దిక్కు బస్సులు నడవట్లేదంటే వెనక్కొచ్చిన.

కొత్త ఐఫోన్లలో సిగ్నల్ లేకున్నా శాటిలైట్ ద్వారా సాయం అడిగే ఏర్పాటు ఉందని ఆ నెలలోనే నేను జూనియర్లకు గొప్పగా చెప్పాను. అమెరికాలో ఉంది. ఆ రోజుకి మన దేశంలో లేదు. ఉన్నా, 2024లో 79,900 రూపాయలకు వచ్చిన ఐఫోన్ 16 మా వాగు పక్కన ఎవరి జేబులో ఉంటుంది?

ఆదివారం రాత్రి పదకొండున్నరకు ఫోన్ మోగింది. నాయిన నంబరే.

"ఏం గాలేదు బిడ్డా. ఇంట్లకు మోకాళ్ళ దాకా నీళ్ళొచ్చినయి. బడికాడ గచ్చు మీద ఉన్నం. అమ్మ మంచిగనే ఉంది."

నేను ఏడుస్తుంటే ఆయనే అన్నాడు: "గా పాత ఫోనే. బీరువా మీద పెట్టిన గదా, తడ్వలే."

తర్వాత తెలిసింది అసలు సంగతి. స్మార్ట్‌ఫోన్ శనివారం రాత్రే ఆగిపోయింది. కీప్యాడ్ ఫోన్‌లో ఛార్జింగ్ నిండుగా ఉంది. పది రోజులైనా స్విచ్ ఆఫ్ చేసి పెట్టింది కాబట్టి అట్లనే ఉంది. కానీ నానో ముక్క ఆ పెద్ద గూట్లో నిలబడదు, జారిపోతుంది. ఫ్రేమ్ నేను పడేశాను. నాయిన గోలీల అట్ట ముక్కను సిమ్ సైజుకు కత్తిరించి, మధ్యలో నానో ముక్కను ఇరికించి, పైన దెబ్బకేసే ప్లాస్టర్ అంటించాడు. చిప్ సరిగ్గా పిన్నుల మీద కూర్చునే దాకా ఎన్నిసార్లు తీసి పెట్టాడో. మోటరు స్టార్టర్ విప్పి బిగించేటాయనకు ఇదొక లెక్క కాకపోవచ్చు. ఇంజనీరింగ్ చదువుతున్నది మాత్రం నేను. అర్ధరాత్రి ఎప్పుడో ఒక గీత సిగ్నల్ దొరికింది. ఆ ఫోన్ టార్చ్‌తోనే బడిలో ఉన్న నలభై మంది ఆ రాత్రి గడిపారట. ఎవరికి కాల్ చేయాలన్నా అదే ఫోన్.

నీళ్ళు పోయినంక ఇంటికి పోయిన. పత్తి చేన్ల ఇసుక మేట వేసింది. సీఎం వచ్చి చూసి పోయారు. జూనియర్ ఎన్టీఆర్ రెండు రాష్ట్రాలకు చెరో 50 లక్షలు ప్రకటించాడని మా తమ్ముడు ఆయన ఫ్యాన్‌గా కాలర్ ఎగరేశాడు. సంతోషమే. ఆ రోజు నా కళ్ళు మాత్రం బీరువా మీదున్న ఫోన్ మీదనే ఉన్నాయి.

'పాతదే బంగారం, స్మార్ట్‌ఫోన్ దండగ' అని నేను చెప్పట్లేదు. నాయినే ఒప్పుకోడు. ఇప్పుడు ఆయన దగ్గర రెండూ ఉన్నాయి. పత్తి రేటు, మిర్చి రేటు పెద్ద ఫోన్‌లో చూస్తాడు. అమ్మ బిగ్‌బాస్ కూడా అందులోనే. కానీ నంబర్ మాత్రం చిన్న ఫోన్‌లో ఉంటుంది. నేను చెప్పేదల్లా, మనం వార్తలుగా చదివేదానికీ ఇంటి దగ్గర అక్కరకొచ్చేదానికీ మధ్య చాలా దూరముంది.

ఉదాహరణకు, కంపెనీలు ఇయర్‌ఫోన్ రంధ్రం తీసేసినప్పుడు మనం బ్లూటూత్ గురించి వాదించుకున్నాం. ఆ ఇయర్‌ఫోన్ వైరే ఎఫ్‌ఎం రేడియోకు యాంటెన్నా. రంధ్రంతోపాటు రేడియో కూడా పోయింది. టవర్ పడిపోయినా రేడియో పనిచేస్తుంది. విపత్తుల్లో పనికొస్తుంది, ఫోన్లలో ఎఫ్‌ఎం ఉంచండి అని 2023 ఏప్రిల్‌లో కేంద్ర ఐటీ శాఖ కంపెనీలకు సూచించింది. దాని మీద ఎంతమంది రీల్ చేశారు?

ఇంకోటి. 2024 డిసెంబర్‌లో ట్రాయ్ ఒక నిబంధన తెచ్చింది. డేటా అక్కర్లేని వాళ్ళకు కాల్స్, మెసేజ్‌లకు మాత్రమే విడిగా రీఛార్జ్ ప్యాక్ ఇవ్వాలని. కీప్యాడ్ ఫోన్ వాడే నాయిన లాంటోళ్ళు అప్పటిదాకా వాడని డేటాకు కూడా పైసలు కట్టారు. ఆ నెలలో మనమందరం 'పుష్ప 2' కలెక్షన్లు లెక్కపెడుతున్నాం, నేను కూడా. నాకైతే ఆ ఏడాది మొత్తంలో మంచి టెక్ వార్త అదే.

ఇప్పటికీ నన్ను రివ్యూ అన్న అనే పిలుస్తారు. కొత్త ఫోన్ అంటే నాకు ఇప్పటికీ ఇష్టమే, అబద్ధం ఎందుకు. కాకపోతే ఎవడన్నా వస్తే ఫోన్ గురించి చెప్పే ముందు రెండు ప్రశ్నలు అడుగుతాను. మీ ఇంటి పక్కోళ్ళ నంబర్ నీ దగ్గర ఉందా? నీ పాత ఫోన్ ఇంటికి ఇస్తున్నవా, ఇస్తే దాని బ్యాటరీ ఎట్లుంది?

నాయిన ఆ అట్ట ముక్కను ఇంకా తీయలేదు. పోయిన దసరాకు పోయినప్పుడు ఇరవై రూపాయల సిమ్ అడాప్టర్ కొనుక్కపోయిన. చూసి పక్కన పెట్టిండు.

"గిది మంచిగనే పని చేస్తుంది గదరా" అన్నాడు.

ఈసారి నేనేం మాట్లాడలేదు.