తాళమూ దీపమూ

ఉత్తరాది పట్టణాలలో ఒకప్పుడు రాత్రి రెండు జాములు గడిచిన తరువాత వీధివెంట ఒక కేక వినిపించేది. ఒక చేత లాఠీ, మరొక చేత లాంతరు పట్టుకొని చౌకీదారు ‘జాగ్తే రహో’ అని అరుస్తూ పోయేవాడు. మేలుకొని ఉండండి అని దాని అర్థం. ఆలోచించి చూస్తే ఇది వింతగానే తోస్తుంది. గృహస్థులు అతనికి జీతమిచ్చి పెట్టుకొన్నది తాము నిశ్చింతగా నిద్రపోవడానికి గదా! వారిని మేలుకొమ్మని చెప్పవలసిన పని అతనికేమి? కాని ఆ కేకలో లోకజ్ఞానం ఉన్నది. ఒక్కడు మేలుకొని ఊరంతా నిద్రపోతే ఆ ఊరికి కాపలా లేనట్లే. కావలివాడు చేయగలిగినది మేలుకొలపడం వరకే; కాపాడుకోవడం ఊరివారి పని.

విశ్వవిద్యాలయాలలో రక్షణను గురించి ఈనాడు సాగుతున్న చర్చ ఈ చిన్న సంగతిని తరచుగా మరచిపోతున్నది. ఎక్కడ ఏ దుర్ఘటన జరిగినా మొదట వినిపించే మాటలు మూడు: గోడ ఎత్తు పెంచండి, కాపలావారిని పెంచండి, తలుపులు త్వరగా మూయండి. ఈ మూడింటిలో మొదటి రెండూ డబ్బుతో కూడిన పనులు కనుక ఆలస్యమవుతవి. మూడవదానికి ఖర్చు లేదు. తాళంచెవి ఉంటే చాలు. అందుచేత అది ఆ రాత్రినుంచే అమలులోకి వస్తుంది. ఆ తాళం ఎవరి వాకిలికి పడుతుందో వేరే చెప్పనక్కరలేదు.

కాశీలో పండిత మదనమోహన మాలవీయ స్థాపించిన హిందూ విశ్వవిద్యాలయానికి 1916 ఫిబ్రవరి 4న, వసంత పంచమినాడు, శంకుస్థాపన జరిగినది. దాదాపు 1300 ఎకరాల ఆ ఆవరణ అర్ధచంద్రాకారంలో తీర్చినది. మామిడితోపులు, విశాలమైన రాజమార్గాలు, నడుమ విశ్వనాథమందిరం చూచినవారు అది విద్యాలయమా, నగరమా అని అనుకొంటారు. స్త్రీలకొరకు అక్కడ మహిళా మహావిద్యాలయం 1929లోనే ఏర్పడినది. ఆంధ్ర విశ్వవిద్యాలయానికి ఉపాధ్యక్షులుగా పనిచేసిన సర్వేపల్లి రాధాకృష్ణన్ 1939 నుంచి 1948 వరకు కాశీలోనూ ఆ పదవిని నిర్వహించినారు. 1942 ఉద్యమకాలంలో ఆ విశ్వవిద్యాలయాన్ని యుద్ధవైద్యశాలగా మార్చవలెనని ఆ రాష్ట్రపు గవర్నరు తలపెట్టినప్పుడు, ఆయన ఢిల్లీకి పోయి వైస్రాయితో మాట్లాడి ఆ ప్రయత్నాన్ని నిలుపు చేయించినారు. ఆనాడు విశ్వవిద్యాలయానికి భయం వెలుపలనుంచి వచ్చినది. దానిని ఎదుర్కొనడానికి కావలసినది గోడ కాదు, నిలబడి మాట్లాడగల పెద్ద.

ఆ విశ్వవిద్యాలయపు సింహద్వారం ఎదుట ఉన్న పేటకు లంక అని పేరు. ఆ పేరు వినగానే తెలుగువారికి అశోకవనం జ్ఞాపకం రాక మానదు. రామాయణం మొత్తంలో సీతకు అశోకవనంలో ఉన్నంత కట్టుదిట్టమైన కాపలా మరెక్కడా లేదు. చుట్టూ సముద్రం, దానిలోపల కోట, కోటలోపల వనం, వనంలో రాత్రింబవళ్ళు కనిపెట్టుకొని ఉండే రాక్షసస్త్రీలు. ఐనా ఆమెకు అక్కడ క్షేమమున్నదని ఎవరూ అనరు. కాపలా వేరు, క్షేమం వేరు అని ఇంతకంటె స్పష్టంగా చెప్పిన కథ లేదు. ఆ కాపలా స్త్రీలలోనే త్రిజట అనే వృద్ధురాలు ఉండడం కూడ మరువరాదు. కాపలా కాయవలసిన చోట ఆమె ఓదార్పు చెప్పినది.

2017 సెప్టెంబరు 21 సాయంకాలం ఆ విశ్వవిద్యాలయంలో ఒక విద్యార్థిని తన వసతిగృహానికి నడిచిపోతూ ఉండగా, భారత కళాభవనం సమీపాన, మోటారుసైకిలుమీద వచ్చినవారు ఆమెను అవమానించినారు. దగ్గరలో ఉన్న కాపలావారు కదలలేదనీ, అధికారులు ఆదుకోవడానికి మారుగా ఆ వేళ బయట ఎందుకున్నావని ఆమెనే ప్రశ్నించినారనీ విద్యార్థినులు ఆరోపించినారు. మరునాడు వారు సింహద్వారం వద్ద బైఠాయించినారు. 23వ తేదీ రాత్రి పోలీసులు లాఠీలు ప్రయోగించినారు. ఆ మాసాంతంలోనే ఆ విశ్వవిద్యాలయ చరిత్రలో మొదటిసారిగా ఒక మహిళ ప్రధాన ప్రోక్టరుగా నియమితురాలైనది.

ఆ పిల్లలు అడిగినది ఏమి? దారిలో దీపాలు, ఆడకాపలావారు, ఫిర్యాదు చేస్తే వినే మనిషి. తాళాలు కావాలని వారు అడగలేదు. తాళాలు అప్పటికే ఉన్నవి. 2015లో ఢిల్లీలో విద్యార్థినులు ఆరంభించిన ఉద్యమానికి వారు ‘పింజ్రా తోడ్’ అని పేరు పెట్టుకొన్నారు. పంజరాన్ని విరుగగొట్టు అని అర్థం. మగపిల్లల వసతిగృహాలకు లేని వేళనియమం ఆడపిల్లల వసతిగృహాలకు ఎందుకన్నదే వారి ప్రశ్న.

ఈ విషయంలో ప్రభుత్వసంస్థల వాక్కే రెండు విధాలుగా ఉండడం గమనింపదగినది. 2012 డిసెంబరునాటి ఢిల్లీ దురాగతం తరువాత విశ్వవిద్యాలయ నిధుల సంఘం ఒక కార్యవర్గాన్ని నియమించినది. ఆ వర్గం 2013లో ‘సక్షమ్’ అనే నివేదిక ఇచ్చినది. దీపాలు, ప్రయాణసౌకర్యాలు, శౌచాలయాలు వంటి మామూలు విషయాలనే అది ముఖ్యంగా పట్టించుకొన్నది. రక్షణ అనే మిషతో విద్యార్థినులపై మగవారికి లేని నిబంధనలు పెట్టరాదని నిర్మొహమాటంగా చెప్పినది. రెండేళ్ళైనా తిరగకముందే, 2015లో, అదే సంఘం మరికొన్ని సూచనలు పంపినది. విద్యార్థులు నివసించే చోట సులభంగా దాటరాని ఎత్తుగల ప్రహరీగోడ, దానిపైన చుట్టలు చుట్టిన ముళ్ళతీగె, వేలిముద్రలతో హాజరు, ఆవరణలోనే పోలీసుఠాణా. ఇవి ఆ సూచనలలో కొన్ని. ఒకే చేయి ఒక కాగితంమీద దీపం గీచినది, మరొక కాగితంమీద ముళ్ళతీగె గీచినది. విద్యాలయాలు ఏ కాగితాన్ని ముందు విప్పినవో వసతిగృహాల వాకిళ్ళు చూస్తే తెలుస్తుంది.

ఉత్తరదేశపు విశ్వవిద్యాలయం ఒకదానిలో, ఆడపిల్లల వసతిగృహం వాకిట ఒక ముసలి చౌకీదారు ఉండేవాడు. అరవై దాటినవి. మోకాలినొప్పి. కుర్చీ, బల్ల, బల్లమీద ఒక పెద్ద రిజిస్టరు, దారంతో కట్టిన పెన్ను, ఇవే అతని ఆయుధాలు. రిజిస్టరులో నాలుగు గడులు: పేరు, వెళ్ళిన వేళ, వచ్చిన వేళ, ఆలస్యానికి కారణం. ఎనిమిది గంటలకు వాకిలి మూయవలెను. ఆ తరువాత వచ్చిన పిల్ల పేరు మరునాడు వార్డెను బల్లమీదికి పోతుంది. మూడుసార్లు పోతే తండ్రికి ఉత్తరం. నాలుగు ఫర్లాంగుల దూరంలో ఉన్న మగపిల్లల వసతిగృహంలో రిజిస్టరు లేదు. అక్కడి చౌకీదారుకు పని సైకిళ్ళు కాచుకొనడమే.

గోదావరి జిల్లానుంచి రసాయనశాస్త్రం చదువబోయిన పిల్ల ఒకతె ఆ వసతిగృహంలో ఉండేది. ప్రయోగశాలలో పని ఎనిమిదికి ముగియదు. కొలిమిమీద పెట్టిన ద్రవానికి వార్డెను గడియారం తెలియదు గదా! ఆమె ఆ చౌకీదారును ‘చాచా’ అనేది. అతడు ఆమెను ‘బిటియా’ అనేవాడు. ఆమె హిందీలోని తప్పులను అతడు దిద్దేవాడు. అతడు కొడుకుకు రాయవలసిన ఉత్తరాలను ఆమె రాసిపెట్టేది.

ఒకనాటి రాత్రి ఆమె ఎనిమిదింబావుకు, ఊపిరి అందక, వాకిట చేరినది. గ్రంథాలయం వెనుక మలుపులో దీపం ఆరి మూడు మాసాలైనది. ఆ చీకటిలో ఇద్దరు ఆమె దారికి అడ్డం వచ్చినారు. ఆమె పుస్తకాలు పారవేసి పరుగెత్తినది. చౌకీదారు నీళ్ళిచ్చి కూర్చోబెట్టినాడు. కబురు విని వార్డెను వచ్చినది. ఆమె చెడ్డమనిషి కాదు. పైవారికి జవాబు చెప్పుకోవలసిన మనిషి. ఆమె అడిగిన మొదటి ప్రశ్న ఇది:

“ఎనిమిది దాటినదాకా బయట ఎందుకున్నావమ్మా?”

ఆ పిల్ల జవాబు చెప్పలేదు. దానికి జవాబు లేక కాదు. అడుగవలసిన ప్రశ్న అది కాదు కనుక. వార్డెను రిజిస్టరు తెరిపించి, పేరు రాయుమని చెప్పి వెళ్ళిపోయినది.

చౌకీదారు పెన్ను తీసుకొన్నాడు. అతడు చదివినది అయిదవ తరగతి. పేరు రాసినాడు. వేళ రాసినాడు. కారణం అనే గడివద్ద కొంతసేపు ఆగినాడు. ఆ గడిలో సాధారణంగా ‘ప్రయోగశాల’ అనో ‘బజారు’ అనో ఉంటుంది. ఆ పిల్లలే చెబుతారు, అతడు రాస్తాడు. ఆనాడు మాత్రం ఆమెను అడుగకుండా తానే రాసినాడు: ‘రాస్తే మే బత్తీ నహీఁ’. దారిలో దీపం లేదు.

మరునాడు ఆలస్యంగా వచ్చిన మరొక పిల్ల ఆ గడి చూచినది. తన పేరుకు ఎదురుగానూ అదే రాయుమన్నది. ఆ మరునాడు అయిదుగురు. వారంలో ఆ పుట పైనుంచి క్రిందివరకు ఒకే మాటతో నిండిపోయినది. రిజిస్టరు వార్డెను బల్లమీదికి పోయినది. వార్డెను బల్లమీదినుంచి ప్రోక్టరు బల్లమీదికి పోయినది. చౌకీదారును పిలిపించి, ఈ రాతలు ఎవరు రాయుమన్నారని గద్దించినారు. అతడు చేతులు కట్టుకొని, “అయ్యా! ఆ గడిలో కారణం రాయవలెనని తమరే ఆజ్ఞాపించినారు” అన్నాడు.

ఆ మాసం ముగియకముందే మలుపులో దీపం వెలిగినది. వాకిలి మాత్రం ఎనిమిదికే మూస్తూ వచ్చినారు. చౌకీదారు కొలువు కూడ ఎంతోకాలం నిలువలేదు. కాపలాపని గుత్తకు ఇచ్చినప్పుడు, మోకాలినొప్పి ఉన్నవారు పనికిరారని కొత్తవారు తీసివేసినారు. ఆ పిల్ల చదువు ముగించి, తన ఊరికి తిరిగివచ్చిన తరువాత కూడ అతనికి ఉత్తరాలు రాస్తూ ఉండేది. జవాబులు రాసిపెట్టేవారు అతనికి దొరికినారో లేదో.

గోడలమీద విశ్వాసం ఉంచేవారు ఒక సంగతి విచారింపవలెను. గోడ వెలుపలివారిని ఆపుతుంది. లోపలివాడే అపకారి ఐతే గోడ అతనికి తోడుపడుతుంది. ర్యాగింగు అనే దురాచారం ఇందుకు సాక్ష్యం. కొత్తగా చేరిన పిల్లవానిని హింసించేవాడు పక్కగదిలోనే ఉంటాడు. అతడు గోడ దూకి రాడు. ఆంధ్రప్రదేశ్ శాసనసభ 1997లోనే దానిని నిషేధిస్తూ చట్టం చేసినది. 2009లో నిధుల సంఘం దేశమంతటికీ నిబంధనలు చేసి, విద్యార్థినుంచీ తల్లిదండ్రులనుంచీ ప్రమాణపత్రాలు తీసుకోవలెనని విధించినది. ఫిర్యాదులకు రాత్రింబవళ్ళు పనిచేసే ఫోనును ఏర్పాటు చేసినారు. ఇవన్నీ అవసరమే. ఐనా నడవలో అరుపు వినిపించినప్పుడు తలుపు తెరిచే ఎదుటి గదివాడు లేకపోతే, ఆ పత్రాలు బీరువాలో భద్రంగా ఉంటవి, పిల్లవాడు మాత్రం ఉండడు.

2024 ఆగస్టు 9న కలకత్తాలోని ఒక ప్రభుత్వ వైద్యకళాశాలలో, దీర్ఘమైన పనివేళ మధ్య సెమినారు గదిలో విశ్రమించిన యువవైద్యురాలు అత్యాచారానికి గురియై హత్య చేయబడినది. ఆ నేరానికి 2025 జనవరిలో యావజ్జీవశిక్ష పడినవాడు వీధిదొంగ కాడు. పోలీసులతో కలిసి పనిచేసే పౌరస్వచ్ఛందసేవకుడు. కంచే చేను మేసినదన్న సామెతను తెలుగువారు ఎన్నిసార్లో వాడి అరగదీసినారు. ఆ ఆగస్టులో దానికి మళ్ళీ పదును వచ్చినది. సుప్రీంకోర్టు ఆ నెల 20న వైద్యుల రక్షణకై జాతీయ కార్యవర్గాన్ని నియమించినది. స్త్రీవైద్యులను వీలైనంతవరకు రాత్రివిధులనుంచి తప్పించవలెనన్న రాష్ట్రప్రభుత్వపు సూచనను తరువాతి మాసంలో ఆక్షేపించినది. అలసిన వైద్యురాలికి గడియ ఉన్న ఒక విశ్రాంతిగది కావలెను. ఆమెకు చూపబోయినది ఇంటిదారి.

తాళం సర్వథా కూడదని దీనిభావం కాదు. ప్రతి ఇంటికీ తాళముంటుంది. అది లోపలివారి చేతిలో ఉంటే రక్షణ, వెలుపలివారి చేతిలో ఉంటే నిర్బంధం. 2023 నవంబరు ఆరంభంలో కాశీలో, అదే ఆవరణలోని సాంకేతిక విద్యాసంస్థకు చెందిన విద్యార్థినిపై రాత్రివేళ దురాగతం జరిగినప్పుడు, రెండు సంస్థల నడుమ గోడ కట్టవలెనన్న ప్రతిపాదన వచ్చినది. విశ్వవిద్యాలయపు విద్యార్థులు దానిని వ్యతిరేకించినారు. ఒక నేరానికి మాలవీయ ఆవరణను రెండుగా చీల్చడం పరిష్కారమా అన్న ప్రశ్న ఆనాడు పుట్టినది. భయపడిన ఆ సంస్థవారిని నిందించడం సులభం, భయం నిజమైనదే. కాని గోడకు అవతల కూడ ఎవరో ఒకరి బిడ్డ నడువవలసి ఉంటుంది. అక్కడ కూడ చీకటి పడుతుంది.

తాళానికీ దీపానికీ ఒక భేదం ఉన్నది. తాళం ఒకరిని కాపాడడానికి ఒకరినే బంధిస్తుంది. దీపం దారిన పోయేవారందరికీ వెలుగుతుంది. దానిక్రింద మంచివాడు నిర్భయంగా నడుస్తాడు, చెడ్డవాడు తనను ఎవరో చూస్తున్నారని జంకుతాడు, చూచిన మూడవవాడు చూడలేదని అనలేడు. ఈ మూడవవాడే విశ్వవిద్యాలయం. అతడు మేలుకొని ఉన్నంతవరకు ప్రహరీ ఎంత ఎత్తున్నదని అడుగవలసిన పని ఉండదు.

ఆ ముసలి చౌకీదారు కొలువు విడిచిన రాత్రి ఎప్పటివలెనే వాకిలి మూసి, రిజిస్టరును కొత్తవానికి అప్పగించినాడట. నాలుగవ గడిమీద వేలు పెట్టి, ఇది మాత్రం చూచి రాయి నాయనా అని చెప్పి, గ్రంథాలయం వెనుక మలుపుమీదుగా, తాను వెలిగించిన దీపంక్రింద నడిచి ఇంటికి పోయినాడు.