వేగానికి వెచ్చించే సొమ్ము

మనిషికి వేగం మీద మోజు కొత్తది కాదు. రథానికి మేలుజాతి గుర్రాలను వెదికిన రోజుల నుండి సైకిలు హేండిలుకు రంగు కాగితాలు కట్టుకున్న మా బాల్యం వరకు, తన వాహనం నలుగురి వాహనాల కంటె భిన్నంగా ఉండాలనే కోరిక అతనిని విడువలేదు. ఆ కోరికే నేడు స్పోర్ట్స్ కార్ల రూపంలో మన యువతను పట్టుకున్నది. కొన్న కారు కొన్నట్లు ఉంటే వారికి తృప్తి లేదు. ఇంజనుకు మరింత బలం, చక్రాలకు మరింత వెడల్పు, సైలెన్సరుకు మరింత గర్జన కావాలంటారు. ఇందుకు వెచ్చించే సొమ్ము సార్థకమా, వ్యర్థమా అన్నదే ఈ వ్యాసంలో మేము ఆలోచింపదలచిన విషయం.

ఉద్యోగరీత్యా మేము రాయ్‌పూర్ చేరి చాలా సంవత్సరాలైనది. ఈ నగరానికీ మన ఉత్తరాంధ్రకూ గల అనుబంధం పాతది. 1931లో రాయ్‌పూర్ – విజయనగరం రైలుమార్గం పూర్తయినది. ఉద్యోగాలకూ వ్యాపారాలకూ వచ్చిన తెలుగు కుటుంబాలు ఎన్నో ఇక్కడనే స్థిరపడ్డాయి. 2000 నవంబరు 1న ఛత్తీస్‌గఢ్ రాష్ట్రం ఏర్పడి ఈ నగరం రాజధాని అయినది. తరువాత నవా రాయ్‌పూర్‌లో విశాలమైన రహదారులు వెలిశాయి. ఆదివారం ఉదయం ఆ రోడ్ల మీద పయనించే కార్లను చూస్తే మా వయసు వారికి కూడ ఒక్క క్షణం ముచ్చట కలుగుతుంది. ఇక యువకుల సంగతి చెప్పనేల?

మా విభాగంలో పనిచేసే యువ ఇంజనీరు ఒకరు అటువంటి ముచ్చటతోనే పాత కారు ఒకటి కొన్నారు. అది పోలో జి.టి. టి.ఎస్.ఐ. మన దేశంలో 2013లో విడుదలైన ఈ కారుకు ఇంజను చిన్నదే, 1197 సి.సి. అయినా టర్బో అమరిక వలన 105 అశ్వశక్తి ఇస్తుంది. మన దేశంలో పోలో తయారీ 2022లో ఆగిపోయినందున దీనిపై అభిమానుల మక్కువ మరింత పెరిగినది. ఆ యువకుడు ఒక వర్క్‌షాపు వారి నుండి అంచనా పట్టిక తెచ్చుకున్నారు. మొత్తం 2,80,000 రూపాయలు. ఉద్యోగుల సహకార పరపతి సంఘంలో అప్పు తీసుకొనుటకు దరఖాస్తు కూడ సిద్ధం చేసి, "సార్, జామీను సంతకం తమరే పెట్టాలి" అన్నారు. ఆయనకు తండ్రిగారు లేరు. విజయనగరంలో తల్లిగారు, పెండ్లికి ఎదిగిన చెల్లెలు ఉన్నారు. "సంతకానికేమి బాబూ, ముందు ఆ పట్టిక చూడనివ్వు" అన్నాము.

పట్టికలో ఐదు పద్దులున్నాయి. వెడల్పు అల్లాయ్ చక్రాలు, టైర్లకు 80,000. సైలెన్సరు గొట్టాలకు 60,000. ఇంజను కంప్యూటరు రీమ్యాపింగుకు 35,000. కారు ఎత్తు తగ్గించే స్ప్రింగులకు 30,000. బాడీ కిట్టు, వెనుక రెక్క, రంగులకు 75,000. ఇద్దరమూ కూర్చొని ఒక్కొక్క పద్దునే పరిశీలించాము.

మొదటిది రీమ్యాపింగు. నేటి ఇంజనులో ఎంత పెట్రోలు పోవాలి, టర్బో ఎంత ఒత్తిడితో గాలి నింపాలి, నిప్పురవ్వ ఎప్పుడు పుట్టాలి అన్నది ఒక చిన్న కంప్యూటరు నిర్ణయిస్తుంది. ఆ లెక్కలు మార్చితే బలం పెరిగే మాట వాస్తవం. అయితే తయారీదారు మొదట ఆ బలాన్ని ఎందుకు ఇవ్వలేదు? నాసి పెట్రోలు పడినా, ఎండలు మండినా ఇంజను చెడకుండా కొంత వెసులుబాటు మిగిల్చినాడు కనుక. రీమ్యాపింగులో మనం కొనేది కొత్త బలం కాదు. ఆ మిగిల్చిన రక్షణనే ఖర్చు చేసుకొంటాము. రాయ్‌పూర్ ఎండల సంగతి మన పాఠకులకు చెప్పనవసరం లేదు. 45 డిగ్రీల వేడిలో గాలి, 15 డిగ్రీల గాలి కంటె సుమారు పదోవంతు పలుచన. చల్లని దేశంలో చూపిన లెక్క ఇక్కడి మే నెలలో నిలువదు.

రెండవది ఎత్తు తగ్గించుట. ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ ప్రమాణం ప్రకారమే స్పీడు బ్రేకరు ఎత్తు 10 సెంటీమీటర్లు. కాలనీల వారు తమంతట తాము వేసుకొన్నవి ఏ ప్రమాణానికీ లొంగవు. కారును క్రిందికి దించితే ఇంజను అడుగున ఉన్న ఆయిలు సంపుకే ముందు దెబ్బ. వెడల్పు చక్రానికి పలుచని టైరు తొడిగితే గుంతలో పడినపుడు దెబ్బ నేరుగా రిమ్ముకు తగులుతుంది. వెనుక రెక్క సంగతి మరీ విచిత్రం. గాలి వలన కలిగే ఒత్తిడి వేగపు వర్గాన్ని బట్టి పెరుగుతుంది. పందెపు మైదానంలో అది కారును నేలకు అదిమి పట్టవచ్చును గాని, తేలీబాంధా కూడలిలో సిగ్నలు కొరకు వేచి ఉన్న కారుకు ఆ రెక్క చేసే మేలు లేదు. పులిని చూసి నక్క వాత పెట్టుకొన్న సామెత ఇటువంటి చోటనే పుట్టి ఉంటుంది.

మూడవది చట్టం. 1988 మోటారు వాహనాల చట్టంలోని 52వ సెక్షను, తయారీదారు నిర్దేశించిన స్వరూపానికి భిన్నంగా వాహనాన్ని మార్చరాదంటున్నది. 2019 జనవరిలో సుప్రీం కోర్టు ఈ విషయాన్ని స్పష్టపరచినది. అదే సంవత్సరం వచ్చిన సవరణ ప్రకారం, అనుమతి లేని మార్పు చేసిన యజమానికి ఆరు నెలల వరకు జైలు గాని, ఒక్కొక్క మార్పుకు 5,000 రూపాయల జరిమానా గాని, రెండూ గాని విధింపవచ్చును. అంతకంటె పెద్ద చిక్కు బీమా. మార్పుల సంగతి బీమా సంస్థకు తెలుపకపోతే, ప్రమాదం జరిగిన నాడు పరిహారం చిక్కులో పడుతుంది. అప్పు మాత్రం నిలిచి ఉంటుంది. జామీనుదారు కూడ నిలిచి ఉంటాడు!

ఇక అమ్మకపు ధర. పాత కారు కొనేవారు అసలు స్థితిలో ఉన్నదానినే కోరుతారు. గర్జించే సైలెన్సరు చూడగానే, ఈ కారును ఎంత మోటుగా తోలినారో అని అనుమానిస్తారు. పెట్టిన సొమ్ము తిరిగిరాకపోగా అసలు ధర కూడ తగ్గుతుంది.

"అయితే సార్, మార్పులన్నీ దండుగేనా? పెద్ద పెద్ద కంపెనీలు మార్పులతోనే కదా పేరు తెచ్చుకొన్నాయి?" అని ఆ యువకుడు ప్రశ్నించారు. న్యాయమైన ప్రశ్న. ఇంగ్లండులో కాలిన్ చాప్‌మన్ 1948లో పాత ఆస్టిన్ 7 కారును మార్చి తన మొదటి లోటస్ నిర్మించినాడు. జాన్ కూపర్ సంగతి మరింత ఆలోచింపదగినది. 1959లో వచ్చిన మినీ కారు ఇంజను 848 సి.సి., బలం 34 అశ్వశక్తి. కూపర్ ప్రోద్బలంతో 1961లో వెలువడిన మినీ కూపర్‌లో అది 997 సి.సి.కి, 55 అశ్వశక్తికి పెరిగినది. ఆ పరంపరలోని కారే 1964లో మాంటీ కార్లో ర్యాలీ గెలిచినది. అయితే బలం పెంచిన ఆ చేతులే ముందు చక్రాలకు డిస్కు బ్రేకులు కూడ అమర్చినాయి. బలం పెంచినవాడు ఆపే శక్తిని కూడ పెంచాలి. వేగం రెండింతలైతే కారు ఆగుటకు పట్టే దూరం దాదాపు నాలుగింతలవుతుంది. ఈ లెక్కకు మినహాయింపు లేదు.

అప్పుడు ఆ పట్టికను మరల ఆయన చేతికిచ్చి, "ఇందులో బ్రేకుల పద్దు ఎక్కడ ఉన్నది?" అని అడిగాము. ఎక్కడా లేదు. 2,80,000 రూపాయలలో కారును ఆపుటకు ప్రత్యేకించినది ఒక్క రూపాయి కూడ లేదు.

ఆయన సెలవులకు ఈ కారులోనే ఊరికి పోతారు. కాంకేర్ దాటిన తరువాత కేశ్‌కాల్ ఘాటులో పన్నెండు మలుపులు. జగదల్‌పూర్, కోరాపుట్ మీదుగా పోయి సాలూరు వైపు దిగేటపుడు మరల కొండదారి. తిరుగు ప్రయాణంలో ఒక్కొక్కసారి తల్లిగారు ప్రక్కన ఉంటారు. ఆ దిగుడులో కావలసినది గర్జన కాదు. తొక్కగానే పట్టే బ్రేకు, తడిరోడ్డు మీద జారని టైరు.

ఆ మాట ఆయనకు నచ్చినది. అప్పు దరఖాస్తు ప్రక్కన పెట్టి, కొత్త పట్టిక తయారు చేసుకొన్నారు. తయారీదారు చెప్పిన కొలతలోనే నాలుగు మంచి టైర్లు, ముందు బ్రేకు డిస్కులు, ప్యాడ్లు, బ్రేకు నూనె, అరిగిన షాక్ అబ్సార్బర్లు, అన్నీ కలిపి 92,000 రూపాయలు. తన పొదుపులో నుండే చెల్లించారు. తోలు స్టీరింగు తొడుగు ఒకటి ముచ్చట కొద్దీ కొనుక్కొన్నారు. దానికి మేము అభ్యంతరం చెప్పలేదు. ఆనందం కొరకు పెట్టే ఖర్చు, స్తోమతుకు లోబడి, ఎవరినీ ప్రమాదంలో పడవేయనంతవరకు దండుగ కాదని మా నమ్మకం.

తరువాత సెలవు పెట్టి, చెన్నై సమీపంలోని ఇరుంగాట్టుకోట్టై పందెపు మైదానంలో డ్రైవింగు శిక్షణ కూడ పొంది వచ్చారు. ఏమి నేర్పినారని అడిగితే, "మొదటి పూట అంతా బ్రేకు ఎప్పుడు, ఎంత తొక్కాలో నేర్పారు సార్" అన్నారు నవ్వుతూ. మరుసటి సంవత్సరం చెల్లెలి వివాహం కుదిరినపుడు సహకార సంఘంలో అప్పు పరిమితి చెక్కుచెదరక ఉన్నది. ఆ దరఖాస్తు మీద మేము సంతోషంగా జామీను సంతకం చేశాము.

మన ఉద్యోగుల ఇండ్లలో కూడ ఇటువంటి కోరికలు తలెత్తుతూనే ఉంటాయి. పిల్లలను గద్దించి ప్రయోజనం లేదు. వారితో కలిసి కూర్చొని పట్టికను చదవాలి. ఏ పద్దు కారును ఆపుతుంది, ఏ పద్దు నడిపేవానికి నేర్పు పెంచుతుంది, ఏ పద్దు వీధిలోని వారి కంటికి మాత్రమే పనికివస్తుంది అని విడదీయాలి. మొదటి రెండింటికి వెచ్చించిన సొమ్ము సార్థకం. మూడవదానికి అప్పు చేయరాదు. ఇంతకంటె పెద్ద సూత్రం మాకు తెలియదు. ఇది పాటించిన ఇంట కారు ముచ్చటా తీరుతుంది, ఇంటి అవసరాలూ నెరవేరుతాయి.