బేత్లెహేములో సత్రము ఎక్కడ?

యెరూషలేము నుండి దక్షిణంగా సుమారు 9 కిలోమీటర్లు వెళితే బేత్లెహేము వస్తుంది. 2018లో మా సంఘస్థులము కొందరము బస్సులో ఆ దారిన వెళ్లాము. మధ్యలో ఎత్తైన కాంక్రీటు గోడ, తనిఖీ గేటు దాటాలి. అవి దాటితే కొండమీద తెల్లరాతి ఇళ్లు, ఒలీవ తోటలు, వాలంతా మెట్లు మెట్లుగా చదును చేసిన మడులు కనిపించాయి.

హెబ్రీ భాషలో బేత్లెహేము అంటే 'రొట్టెల ఇల్లు'. ఊరికి తూర్పున పల్లపు పొలాలున్నాయి. రూతు యవల చేలో పరిగె ఏరుకొన్నది అక్కడేనని చూపిస్తారు. పరిగె సంగతి మన పల్లె తల్లులకు ఎవరూ వివరించనక్కరలేదు. అయితే ఇశ్రాయేలీయులలో అది రైతు దయ మాత్రమే కాదు. చేను గట్టు వరకు పూర్తిగా కోయకూడదు, రాలిన వెన్నులు బీదలకు, పరదేశులకు విడిచిపెట్టాలి అని లేవీయకాండము 19వ అధ్యాయములో చట్టముంది. ఆ చట్టమే లేకపోతే మోయాబు నుండి వచ్చిన విధవరాలికి ఆ ఊళ్లో కూడు లేదు, బోయజుతో పెండ్లి లేదు, ఆమె మునిమనుమడు దావీదూ లేడు. దావీదు లేనిదే యోసేపుకు బేత్లెహేముతో పని ఏమున్నది?

ఊరి నడుమ జన్మస్థల దేవాలయముంది. 4వ శతాబ్దములో కాన్‌స్టంటైన్ చక్రవర్తి కాలములో మొదట కట్టారు. ఇప్పుడున్న కట్టడము 6వ శతాబ్దముది. ద్వారము నాలుగడుగుల ఎత్తే. గుర్రాలూ బండ్లూ లోపలికి రాకుండా పాత పెద్ద ద్వారాన్ని పూడ్చి ఇంత చిన్నది చేశారట. నడుము వంచి దూరితే నాలుగు వరుసల రాతి స్తంభాలు, ఆ చివర క్రిందికి గుహలోనికి మెట్లు. అక్కడ నేలమీద 14 కోణాల వెండి నక్షత్రముంది. మత్తయి ప్రభువు వంశావళిని 14 తరాల చొప్పున మూడు భాగాలుగా చెప్పాడు గదా! హెబ్రీలో అక్షరాలే అంకెలు. దావీదు పేరులోని మూడక్షరాలను కూడితే 4, 6, 4 మొత్తం 14. యూదుడైన పాఠకుడు దీనిని ఇట్టే పట్టుకొంటాడు.

నక్షత్రానికి కొన్ని అడుగుల దూరములో తొట్టి ఉంచిన స్థలము. అందరూ మోకరించే చోటు అది. మాకైతే అక్కడ వేరొక ఆలోచన వచ్చింది. మన క్రిస్మస్ నాటకాలలో సత్రపు యజమాని ఒకడుంటాడు. ఆ వేషానికి ఎప్పుడూ గట్టి గొంతు ఉన్నవాణ్ణే ఎంచుతారు. నిండు చూలాలిని వాకిట్లో నుండే తరిమే కఠినుడు, యూదుడు. సువార్తలో అతణ్ణి వెదకండి, దొరకడు. లూకా అతని మాటే ఎత్తలేదు.

మన బైబిలులో సత్రము అనే మాట ఉందిగా అంటారా? లూకా అక్కడ వాడిన గ్రీకు మాట 'కతలూమ'. అదే మాట 22వ అధ్యాయములో పస్కా భోజనపు గదికి వాడితే, మన తెలుగువారు 'విడిది గది' అన్నారు. మంచి సమరయుడు గాయపడినవానిని చేర్చిన చోటికి లూకా వేరే మాట వాడాడు. దానిని మనవారు 'పూటకూళ్లవాని యిల్లు' అన్నారు. డబ్బిచ్చి దిగే చోటు అది. మరి 2వ అధ్యాయములోనూ 'విడిది గది' అని చదివితే కథ ఎంత మారిపోతుందో చూడండి. పెండ్లివారి విడిది మనకు తెలియనిదా! చుట్టాలతో ఆ గది నిండిపోతే, ఇంటివాళ్లు తాము పడుకొనే చోటనే సర్దుకొని స్థలమిస్తారు. ఆ దేశపు ఇళ్లలో రాత్రిళ్లు పశువులను ఇంట్లోనే ఒక ప్రక్కన, పల్లపు భాగములో కట్టేవారు. బేత్లెహేము ప్రాంతములో గుహలమీద కట్టిన పాత ఇళ్లు చాలా ఉన్నాయి. మనిషికీ ఎద్దుకూ నడుమ ఉండేది ఒక తొట్టి మాత్రమే. కొట్టము, వసారా కలిసి ఉన్న ఇంట్లో పెరిగినవారికి ఇదేమీ వింత కాదు.

దావీదు వంశస్థుడు దావీదు ఊరికి కడుపుతో ఉన్న భార్యను తీసుకొని వస్తే, అయినవాళ్లు తలుపు వేశారనడం ఆ పల్లెను అవమానించడమే. అయినా ఏటేటా పిల్లల ఎదుట ఆ తలుపు వేయిస్తున్నాము. యూదుడంటే ప్రభువును మొదటి రాత్రే బయట నిలబెట్టినవాడు అని వాళ్లు నేర్చుకొంటున్నారు. హేరోదు చంపించిన పసివాళ్లను తలచుకోండి. ఆ తల్లులందరూ ఈ ఊరి యూదులే. మత్తయి వారి ఏడుపును రాహేలు ఏడుపుతో పోల్చాడు. రాహేలు సమాధి అని చెప్పే చోటు ఊరి ఉత్తరపు పొలిమేరలోనే ఉంది, ఇప్పుడు గోడకు అవతలివైపు. బేత్లెహేము వాకిలి నుండి నేరుగా అక్కడికి వెళ్లలేము.

ప్రక్కనున్న వేరొక గుహలో జెరోము నివసించాడని చెబుతారు. 386లో ఇక్కడికి వచ్చి, 420లో చనిపోయేదాకా ఉండి, పాత నిబంధనను హెబ్రీ నుండి లాటినులోనికి తర్జుమా చేసినవాడు. అతనికి హెబ్రీ చెప్పినవారిలో ఒక యూదుడు, తనవారికి భయపడి రాత్రిపూట వచ్చేవాడట.

బస్సు తిరిగి యెరూషలేము చేరడానికి ఎంతోసేపు పట్టలేదు. ఆ తల్లిదండ్రులు మాత్రం ఈ కొండదారిన బిడ్డను ఎత్తుకొని వెళ్లారు. ఎనిమిదవ దినాన సున్నతి చేసి, యేషువ అని పేరుపెట్టారు. ఆ పేరే గ్రీకు మీదుగా మన నోట యేసు అయింది. తల్లి పేరు వారి నోట మిర్యాము. ధర్మశాస్త్రము చెప్పిన 40 దినాలూ గడిచాక ఆలయానికి బయలుదేరారు. గొఱ్ఱెపిల్లను తేగలిగినవారు దానిని తేవాలి, చేతకాకపోతే రెండు పక్షులు చాలు. వీరి అర్పణ పక్షులే. అక్కడ ఆవరణములో ఇద్దరు ముసలివాళ్లు, సుమెయోను, అన్న, ఇశ్రాయేలు ఆదరణ కోసం ఎన్నాళ్లుగానో ఎదురుచూస్తున్నారు. సుమెయోను బిడ్డను చేతుల్లోకి తీసుకొన్నాడు. అన్న కనబడినవారికల్లా ఆయన సంగతి చెప్పసాగింది.