అమ్మ దవడకు కొత్త ఎముక

మాది క్యాసంబళ్ళి. కోలారు బంగారు గనులకు దగ్గరి ఊరు. దుకాణాల బోర్డులు కన్నడంలో ఉన్నా మా ఇంట్లో మాట తెలుగే. మావైపు రాగిముద్దను నమలరు, మింగుతారు. అందుకేనేమో, అమ్మకు కింది దవడలో రెండు పళ్ళు పోయి ఏళ్ళు గడిచినా మేమెవరమూ పట్టించుకోలేదు. నిరుడు సంక్రాంతికి అందరం చెరకు నములుతుంటే అమ్మ తన ముక్కను చల్లగా మనవడి చేతిలో పెట్టేసింది. నాకు సిగ్గేసింది.

బెంగుళూరులో డాక్టరమ్మ స్కాన్ చూసి, "పన్ను లేనిచోట ఎముక తరిగిపోతుందమ్మా. టైటానియం మర బిగించాలంటే ఇక్కడ మందం చాలదు. ముందు ఎముక పెంచాలి" అన్నది. పశువుల ఎముక నుంచి చేసిన పొడి ఒక దారి అని చెప్పింది. అమ్మ మొహం మాడిపోయింది.

"ఎవురి ఎముకో నా నోట్లో వద్దు నాయినా. ఇంటికి పోదాం పద."

నేను బతిమాలలేదు. అది ఆమె నోరు. డాక్టరమ్మే ఇంకో దారి చెప్పింది: కాల్షియం ఫాస్ఫేటుతో తయారైన పొడి, దానికి తోడు అమ్మ రక్తమే.

గాయమైనచోట రక్తంలోని ప్లేట్‌లెట్లు గ్రోత్ ఫ్యాక్టర్లు అనే ప్రోటీన్లను వదులుతాయి. ఊళ్ళో దండోరా వేసినట్టు, బాగుచేసే కణాలను అవి అక్కడికి పిలుస్తాయి. ఎముకలో కొత్త ఎముకను పుట్టించే గుణం ఉందని అమెరికాలో మార్షల్ యూరిస్ట్ 1965లోనే చూపించాడు. అలాంటి ప్రోటీనును ప్రయోగశాలలో తయారుచేసి దవడకు వాడడానికి అక్కడ 2007లో అనుమతి ఇచ్చారు. అది ఖరీదైన మందు, వాపూ ఎక్కువ. రోగి రక్తాన్నే తిప్పి వాడే సులువైన పద్ధతిని ఫ్రాన్సులో షుక్రూన్ 2001లో తెచ్చాడు.

షుగరు అదుపులో ఉందని చూసుకున్నాకే డాక్టరమ్మ ఒప్పుకున్నది. చేతినుంచి తీసిన రక్తాన్ని గొట్టాల్లో పోసి యంత్రంలో గిరగిరా తిప్పారు. పసుపురంగు గడ్డ తేలింది. "జున్నులా ఉందే!" అన్నది అమ్మ. దాన్ని పొడితో కలిపి చిగురు కింద పెట్టి కుట్టేశారు.

ఐదు నెలలు ఆగాం. స్కాన్‌లో ఎముక కనిపించింది. "రక్తం మహిమేనా?" అని అడిగాను. పుండు మానడానికే దాని సాయం ఎక్కువనీ, ఎముకకు ఆధారం పొడేననీ డాక్టరమ్మ దాచకుండా చెప్పింది. ఆ మాటతో నాకామె మీద నమ్మకం పెరిగింది. మరలు బిగించాక ఇంకో మూడు నెలలకు పళ్ళు పెట్టారు.

ఈ సంక్రాంతికి చెరకు తెచ్చాను. కొత్త పళ్ళతో గడ చీల్చొద్దని డాక్టరమ్మ ఆజ్ఞ. అమ్మ కత్తితో చిన్న చిన్న ముక్కలు కోసుకుని, గుమ్మంలో కూర్చుని, తీరిగ్గా నమిలింది.

"పిప్పి ఎక్కడ ఉమ్మేదిరా? చేట తే" అన్నది.