రిపోర్టులన్నీ నార్మల్

1980ల నడుమ నేను సైకియాట్రీలో పీజీ చేస్తున్నప్పుడు మా ఓపీ రిజిస్టరులో ఐసీడీ-9 అనే జబ్బుల జాబితా నంబర్లు వేసేవాళ్లం. అందులో 300.1 అంటే హిస్టీరియా. మెడిసిన్ వార్డులో రక్తం, మూత్రం, ఎక్స్‌రే అన్నీ నార్మల్ అని వచ్చి రోగి మాత్రం కోలుకోకపోతే, సాయంత్రానికి మాకో చీటీ వచ్చేది: ‘హెచ్‌సీఆర్? మీ అభిప్రాయం కావాలి’. హిస్టీరికల్ కన్వర్షన్ రియాక్షన్ అన్నమాట. వార్డుబాయి మొదలు పెద్ద డాక్టర్ల దాకా నోటివాడుక ‘ఫంక్షనల్ కేసు’. ఆ మాట పడ్డాక ఆ మంచం దగ్గర రౌండ్సు ఆగేవి కావు.

ఒకసారి అలాంటి చీటీ పల్నాడు వైపు నుంచి వచ్చిన కొత్తకోడలి మీద వచ్చింది. ఇరవై నిండాయో లేదో. పొద్దున బాగానే ఉంటుంది. దీపాలు పెట్టేవేళకి రెప్పలు వాలిపోతాయి, మాట ముక్కుతో వస్తుంది, నాలుగు ముద్దలు తినేసరికి దవడ ఆడదు. “సరిగ్గా పనివేళకే వస్తుందండీ ఆ జబ్బు,” అంది అత్తగారు. క్యాజువాలిటీలో ముక్కు దగ్గర అమోనియా పెట్టి చూశారట. కళ్ల వెంట నీళ్లొచ్చాయి గాని రెప్పలు లేవలేదు. కేసు షీటులో ఆ నీళ్లు ‘ఏడుస్తోంది’ అని ఎక్కాయి.

మా ప్రొఫెసరుగారు కుర్చీ లాక్కుని కూర్చున్నారు. “అమ్మాయ్, ఒకటి నుంచి వంద దాకా గట్టిగా లెక్కపెట్టు.” ముప్పై దాకా గొంతు ఖంగుమంది. నలభై దాటాక ముక్కులోకి జారింది. అరవై దగ్గర అంకెలు అలుక్కుపోయాయి. తర్వాత కళ్లార్పకుండా పైకప్పు చూడమన్నారు. నిమిషం తిరక్కుండా ఎడమ రెప్ప దిగింది, ఆ వెనకే కుడిది.

“నుదురు చూడవయ్యా,” అన్నారు నాతో. రెప్పలు దిగుతున్నకొద్దీ నుదుట ముడతలు పడి కనుబొమలు పైకి లేస్తున్నాయి. కావాలని కళ్లు మూసేవాళ్లకి కనుబొమ కిందికొస్తుంది.

నియోస్టిగ్మిన్ మా వార్డులో ఎక్కడుంటుంది? ఆపరేషను అయ్యాక కండరాల సడలింపు తియ్యడానికి మత్తు డాక్టర్లు వాడే మందు అది. థియేటరుకి పరిగెత్తి, తోడుగా ఇవ్వాల్సిన అట్రోపిన్‌తో సహా తెచ్చాను. ఇంజక్షను చేసిన అరగంటలోపే రెప్పలు లేచాయి. ఆ అమ్మాయి అన్నం అడిగింది. పళ్లెం ఖాళీ అయ్యేదాకా అత్తగారు పక్కనే నిలబడి చూసింది.

మయస్థీనియా గ్రావిస్. నరం పంపే కబురును కండరం అందుకునే చోట, ఆ రిసెప్టర్ల మీద శరీరమే దాడి చేసే జబ్బు. వాడేకొద్దీ కండరం అలిసిపోతుంది, విశ్రాంతి దొరికితే తేరుకుంటుంది. పనివేళకే రావడం నిజమే మరి, అత్తగారు చూసిందే చెప్పింది. రిసెప్టర్ల సంగతి 1973లో పాట్రిక్, లిండ్‌స్ట్రామ్ చేసిన కుందేళ్ల ప్రయోగంతోనే బయటపడింది. దానికి సంబంధించిన యాంటీబాడీ పరీక్ష మాత్రం అప్పుడు మా ఊళ్లో లేదు. చెయ్యని పరీక్ష పోగా, చేసినవన్నీ నార్మలే.

ఎలియట్ స్లేటర్ 1965లో రాసిన వ్యాసం గురించి నేను మొదట విన్నది ఆ రాత్రే, సారు నోటే. లండన్ నేషనల్ హాస్పిటల్‌లో హిస్టీరియా అని తేల్చిన 85 మందిని ఏళ్ల తర్వాత వెతికితే, చాలామందిలో అసలు జబ్బు వేరే బయటపడింది. కొందరు అప్పటికే చనిపోయారు.

అలాగని మా సారు అన్నీ నరాల జబ్బులేననే మనిషి కారు. కొన్నాళ్లకి మిర్చి యార్డులో బస్తాలు మోసే నడివయసాయన కుడికాలు పడిపోయిందని వచ్చాడు. సారు ఆయన మడమ కింద అరచెయ్యి పెట్టి, “కిందికి నొక్కు,” అన్నారు. కదలిక లేదు. “సరే, ఎడమకాలు పైకెత్తు.” ఎత్తగానే కుడిమడమ అరచేతిని గట్టిగా అదిమింది. 1908లో హూవర్ చెప్పిన గుర్తు ఇది. “రాసుకో, 300.1. ఏమీ దొరక్క కాదు, ఇది దొరికి,” అన్నారు. రోగిని కూర్చోబెట్టి, కాల్లో బలం ఉందనీ, తను పిలిస్తే పలకడం లేదనీ, ఇందులో నటన లేదనీ విడమరిచి చెప్పారు. “అయితే పిచ్చి కాదుగా సార్?” అన్నాడాయన. కాదన్నారు. వ్యాయామాలు చేయించగా మెల్లగా నడిచాడు.

అమెరికా వాళ్ల మానసిక రోగ నిర్ధారణ పుస్తకం డీఎస్ఎం-3 1980లోనే హిస్టీరియాని పక్కనబెట్టి, కారణం దొరకని శారీరక బాధలకి కొత్త అధ్యాయం తెరిచింది. 2013లో డీఎస్ఎం-5 ఆ ‘కారణం దొరకని’ షరతు తీసేసింది. అంతవరకు నాకు సంతోషమే. దాని స్థానంలో పెట్టింది చూడండి: బాధ గురించి మరీ ఎక్కువ ఆలోచన, మరీ ఎక్కువ ఆందోళన. అంతకుముందు డీఎస్ఎం-4కి పెద్దగా ఉన్న అలెన్ ఫ్రాన్సిస్ అప్పుడే గట్టిగా అడ్డుచెప్పారు. ముందస్తు పరిశీలనల్లో క్యాన్సరు, గుండెజబ్బు రోగుల్లో 15 శాతం మంది ఈ లెక్కలోకి వచ్చారు. క్యాన్సరు వచ్చిన మనిషి ఎంత ఆలోచిస్తే ఎక్కువ?

అప్పటికి సారు రిటైరై చాలాకాలమైంది. ఫోన్లో ఆ నిర్వచనం చదివి వినిపించాను. “మన పల్నాడు అమ్మాయి ఇందులో పడుతుందా?” అని అడిగారు.

“పడొచ్చు సార్. ముద్ద గొంతుకి అడ్డం పడుతుందేమోనని నెలల తరబడి దిగులు. ఎవరూ నమ్మరని ఇంకో దిగులు. అది ఎక్కువే అనుకునే డాక్టరు ఎదురైతే చాలు.”

“మయస్థీనియా అని తేలాక కూడానా?”

“తేలాక కూడా. రెండూ రాయొచ్చంటోంది పుస్తకం.”

“రాస్తావా?”

“రాయను సార్.”